ఎరువు వేషం

పోయిన ఆదివారం పొద్దున బాల్కనీలో పీట వేసుకొని కుండీల్లో మన్ను గుల్లచేస్తూ కూర్చున్నాను. లాలాపేట నర్సరీ నుంచి తెప్పించిన ఎరువు సంచి పక్కనే మూతి విప్పుకొని ఉంది. రెండెకరాల రైతు కడుపున పుట్టి, ముప్పై ఏళ్లు కాలేజీల్లో తెలుగు చెప్పి, మోకాళ్లు మొరాయించే ఈ వయసులో నాకు మిగిలిన వ్యవసాయం ఇంతే, పది కుండీలూ ఒక సంచి ఎరువూ. అప్పుడు మా చెల్లెలి మనవరాలు వచ్చింది. యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ఆదివారమైతే తార్నాకలో మా ఇంటికి వచ్చి, మెస్సు వంటను తిట్టుకుంటూ నాలుగు ముద్దలు ఎక్కువే తిని పోతుంది. ఆ రోజు మాత్రం అన్నం మాట ఎత్తకుండా వచ్చి నా ఎదురుగా నేల మీద చతికిలబడింది.

వాళ్లేదో నాటకం వేస్తున్నారట. దీనికి జడ్జి వేషం ఇచ్చారట. ఇది చూస్తే పిడికెడంత మనిషి, గొంతు పిట్ట గొంతు. "మిస్‌కాస్ట్ అంటున్నరు అమ్మమ్మా అందరు. నేను చెయ్య. ఇయ్యాల నాలుగింటికి రిహార్సల్ ఉన్నది, పోయి చెప్పేస్తా" అని ముక్కు ఎగబీల్చి, కాసేపటికి నేనేదో ఓదారుస్తానని భయం వేసిందో ఏమో, మాట మార్చి, మిస్‌కాస్ట్ అనేదాన్ని తెలుగులో ఏమంటారో చెప్పమంది.

చేతులు ఎరువులో ఉన్నాయి. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది, "ఎరువు వేషం" అని. అది నా మొహం చూసింది, సంచి చూసింది, మళ్లీ నా మొహం చూసి "పెంట వేషమా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నలభై ఏళ్ల పైచిలుకు కిందట, దీని వయసులో, నేనూ సరిగ్గా అట్లాగే అర్థం చేసుకున్నాను మరి. కాకపోతే నాకప్పుడు నవ్వు రాలేదు, గర్వం వచ్చింది.

ఆ మాట ఏ నిఘంటువులోనూ లేదు. ఉద్యోగమున్నన్నాళ్లూ వెతికాను, కనబడలేదు. అది మా సార్ మాట. ఎం.ఏ.లో మాకు పాఠం చెప్పిన ఆ సార్ కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. మాటల పుట్టుక అంటే పిచ్చి. తార్నాక అంటే తార్, నాకా అనీ, ఒకప్పుడు ఇక్కడ తీగ కంచె వేసి చౌకీ పెట్టారంటారనీ మొదట మాకు చెప్పింది ఆయనే. ఇప్పుడు ఆ చౌరస్తాలో నెత్తి మీద నుంచి మెట్రో పోతుంటే, కంచె దాకా ఎందుకు, మేము రోడ్డు దాటిన చోటే నాకు గుర్తుపట్టరాదు.

నేను జనగామ అవతలి ఊరి నుంచి హాస్టల్‌కు వచ్చాను. మా ఊళ్లో పదో తరగతి దాటిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. 'గిట్ల', 'గట్ల' అని నోరు విప్పితే తోటి పిల్లలు మొహాలు మొహాలు చూసుకునేవాళ్లు. సార్ మాత్రం జేబులోంచి బూడిదరంగు అట్ట వేసిన చిన్న నోటుబుక్కు తీసి, మీ ఊళ్లో దీన్నేమంటారమ్మాయ్, దాన్నేమంటారమ్మాయ్ అని అడిగి రాసుకునేవారు. ఎగతాళి చేయించుకోవడం అలవాటైన పిల్లకు, తన మాటను ఒక పెద్దమనిషి పెన్ను తీసి రాసుకోవడం ఎంత సంబరమో, ఆ సంబరం తెలిసినవాళ్లు ఇది చదివేవాళ్లలో చాలామందే ఉంటారు.

ఆ ఏడు డిపార్టుమెంటు నాటకం సార్ రాశారు. కోటలాంటి గడీలో ఒక దొరసాని, ఆమె చివరి రోజులు, ఊరు ఒక్కొక్కరుగా ఆమె గడప తొక్కడం మానేయడం, అదీ కథ. గడీ సంగతులకు ఆయనకు నేను కావాలి, ఎందుకంటే మా అమ్మ పెళ్లై వచ్చిన నాటి నుంచీ మా ఊరి గడీలో వాకిలి ఊడ్చింది. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకొని నేనూ పోయేదాన్ని. అక్కడ అమ్మ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. దొరసాని అరుగు మీదికి వచ్చిందంటే, అక్కడే జీతమున్న మా నాయన ఎంత పనిలో ఉన్నా లేచి, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకొని నిలబడేవాడు. తువ్వాల సంగతి తప్ప మిగతావన్నీ సార్‌కు చెప్పాను. అదెందుకో చెప్పబుద్ధి కాలేదు.

దొరసాని వేషం మా స్నేహితురాలిది. మల్కాజ్‌గిరి రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల, పొడుగరి, నడిస్తేనే నాలుగు తలలు తిరిగేవి. నాది తెర వెనక నిలబడి మాటలందించే పని. నాకు అదే హాయిగా ఉండేది. పదిహేను రోజుల్లో నాటకమనగా ఆ పిల్లకు కామెర్లొచ్చి మంచమెక్కింది. అన్ని మాటలూ నోటికొచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి, వేషం నా నెత్తిన పడింది.

పడడమైతే పడింది గానీ, కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు. ప్రిన్సిపాల్ గది నుంచి అడిగి తెచ్చిన నగిషీ చెక్కిన పెద్ద కుర్చీ అది. మాటలు అప్పజెప్పినట్టే చెప్పేదాన్ని, కూర్చోమంటే మాత్రం అంచు మీద, ఎవరో లెమ్మంటే వెంటనే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చునేదాన్ని. వెనక్కి ఆనుకో అని సార్ రోజుకు పదిసార్లు చెప్పేవారు. ఆనుకునేదాన్ని, రెండు మాటలయ్యేసరికి నాకు తెలియకుండానే మళ్లీ అంచుకు జరిగేదాన్ని.

అట్లా ఒకరోజు వరండాలో నీళ్లు తాగుతుంటే, లోపల సార్ ఇంకో లెక్చరర్‌తో అంటున్న మాట చెవిన పడింది. "ఏం చేస్తామండీ, ఈ అమ్మాయిది ఎరువు వేషం. ఎలాగో నడిపించుకోవాలి." రెండో వాక్యం నా బుర్రలోకి పోలేదు. మొదటిది పోయి కూర్చుంది. నాది ఎరువు వేషం! పెంటకుప్ప ఎంత పెద్దదైతే ఆ ఇంటికి అంత మర్యాద ఉన్న ఊరి నుంచి వచ్చినదాన్ని, ఎరువు అంటే నాకు ఇంకో అర్థం ఎక్కడిది? నాటకానికి నేనే బలం అని సార్ అన్నారనుకున్నాను. మెస్సులో ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిని, ఇన్‌లాండ్ లెటర్ తెచ్చి నాయనకు రాసేశాను: మా సారు నాది ఎరువు వేషమన్నడు, నువ్వు నాటకం చూడ రావాలె అని. మా నాయనకు చదువు రాదు. బడి పంతులు చదివి వినిపించాడట. ఒకసారి విని ఊరుకోక, ఎవరు కనబడితే వాళ్లతో మళ్లీ మళ్లీ చదివించుకున్నాడట.

ఐదు రోజుల్లో నాటకమనగా మా స్నేహితురాలు, కళ్లింకా పచ్చగానే ఉన్నా, ఇంట్లో ఉండలేక రిహార్సల్ చూడడానికి వచ్చింది. నేను దాని వేషం లాక్కున్నానని ఎక్కడ బాధపడుతుందోనని, దాన్ని క్యాంటీన్ పక్కకు తీసుకుపోయి, నాకు మాత్రం ఏముందే, సార్ ఎరువు వేషమన్నారు కాబట్టి సరిపోయింది అన్నాను, వినయంలో కొంచెం గొప్ప కలిపి. అది నవ్వడం మొదలుపెట్టి, నా మొహం చూసి చప్పున ఆపేసింది. అప్పుడు చెప్పింది, ఒకసారి సార్ మల్కాజ్‌గిరిలో ఈ పిల్ల ఇంటికి వచ్చినప్పుడు ఈ పిల్ల నాన్నకు చెప్పిన కథ.

సార్ వాళ్ల నాన్న పద్య నాటకాల్లో మంత్రి వేషం కట్టేవాడట. బక్క మనిషి. ఒక ఊళ్లో రాజు వేషగాడికి జ్వరమొస్తే ఆ వేషం ఈయనకు కట్టారు. కిరీటమూ నగలూ ఇంకో నాటక సమాజం వాళ్ల దగ్గర ఎరువు తెచ్చినవి, అంటే వాడుకొని ఇచ్చేస్తామని అడిగి తెచ్చుకున్నవి. కిరీటం పెద్దదైతే లోపల తువ్వాల కుక్కారు. పద్యం మధ్యలో రాగం తీస్తూ తల ఊపేసరికి తువ్వాల జారి, కిరీటం ముక్కు దాకా దిగింది. ఆయన ఏమీ కనబడకుండానే పద్యం పూర్తిచేసి, లోపలికి వచ్చి కూలబడి, ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దలన్నారు గానీ, ఎరువు వేషం పరువు చేటురా నాయనా అన్నాడట. అప్పటి నుంచి ఆ ఇంట్లో మనిషికి అతకని వేషాన్ని ఎరువు వేషం అంటారు. మా వైపు అడిగి తెచ్చుకున్నదాన్ని బదులు అంటాం. ఆ ఎరువు నా చెవిన అంతకుముందు పడనే లేదు.

సిగ్గు ఒక ఎత్తు, నాయన ఇంకో ఎత్తు. ఊరంతా చాటుకొని వస్తున్న మనిషి ముందు పరువు చేటు వేషం ఎట్లా కట్టను? కట్టనంటే, వచ్చిన మనిషికి మొహం ఎట్లా చూపించను? చివరికి తెగించి, ఈ వేషం నాకు వద్దని చెప్పేద్దామని సార్ గదికి బయలుదేరాను.

గది ముందర వరండాలో మా నాయన నిలబడి ఉన్నాడు. పత్తి అమ్ముకొచ్చే పని చూసుకొని, ఐదు రోజులు ముందే రైలెక్కి, మౌలాలీలో దిగి, లాలాపేట మీదుగా నడుచుకుంటూ వచ్చి, మాణికేశ్వర్ నగర్‌లో మా మేనమామ ఇంట్లో దిగాడట. మేనమామ క్యాంపస్‌లో తోట పని చేసేవాడు. ఆయనే దారి చూపించి పంపాడు. నాయన చేతిలో సంచినిండా అనపకాయ. నేను ఇంకా స్తంభం వెనకనే ఉన్నాను, సార్ బయటికి వచ్చారు.

"దండం సారూ. మా బిడ్డది ఎరువు వేషమన్నరట. ఊరంత చెప్పుకున్న. ఎరువెయ్యంది ఏ చేను పండుతది సారూ? పేరేమో పూతకొస్తది, కాయకొస్తది, ఎరువు ఎవ్వలికి కనబడది. గసొంటి వేషం మా పిల్లకిచ్చిండ్రు, మీ కడుపు సల్లగుండ."

సార్ స్తంభం పక్కన నన్ను చూశారు. నాకు అసలు అర్థం తెలిసిపోయిందని నా మొహంలోనే కనబడి ఉంటుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, "అవునండీ. ఎరువు లేకపోతే ఏముంది" అని, ఆ సంచిని రెండు చేతులతో అందుకున్నారు. తర్వాత నోటుబుక్కు తీసి, నాయనతో ఆ మాటలు మళ్లీ చెప్పించుకొని రాసుకున్నారు. తన మాటను సారు రాసుకోవడం చూసి మా నాయన మీసం కింద నవ్విన నవ్వు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

నాయన వెళ్లాక, నేను చేయను సార్ అన్నాను. ఆయన బతిమాలలేదు. "నీకు నప్పదన్నాను, నిజమే, ఇప్పుడు కాదంటే అబద్ధమవుతుంది. కానీ అమ్మాయ్, మనం తెచ్చిన ఆ కుర్చీ ఎరువుదే కదా. ఆ దొరసాని కూర్చున్నది మాత్రం ఎవరి కుర్చీ? ఊరివాళ్లు వచ్చి మా కుర్చీ మాకిచ్చెయ్యమంటారేమోనని ఆవిడకు లోపల భయం. నువ్వు అంచు మీదే కూర్చో. ఇక వెనక్కి ఆనుకోమని చెప్పను" అన్నారు. అంతే అన్నారు. నేను ఆ మాటను హాస్టల్ దాకా మోసుకుపోయి, మర్నాడు రిహార్సల్‌కు వెళ్లాను.

నాటకం రోజు సాయంత్రం సార్ మా నాయనను చెయ్యి పట్టుకొని తీసుకుపోయి మొదటి వరసలో, అతిథుల పక్కన కూర్చోబెట్టారు. స్నేహితురాలి వాళ్లమ్మ జరీ చీర నాకు కట్టి, నడుముకు తాళాల గుత్తి దోపారు. మాటలందించే పని స్నేహితురాలు తీసుకుంది. తెర లేచింది. అరుగు కింద జీతగాడి వేషంలో మా తోటి విద్యార్థి చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను తాళాలు గలగలమనిపిస్తూ వచ్చి అరుగెక్కాను.

హాలులో మా నాయన లేచి నిలబడ్డాడు.

నిలబడి, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. తల వంచుకున్నాడు. వెనక నుంచి ఎవరో "పెద్దాయనా, కూసోండి, మాకు కనబడ్తలేదు" అంటున్నారు. ఆయనకు వినబడడం లేదు. నాకు నోటికొచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి. తెర వెనక నుంచి స్నేహితురాలు, "ఏమిరా, పొద్దెక్కినంక వస్తవా?" అని జీతగాణ్ని నేను తిట్టాల్సిన తిట్టును ఒకటికి నాలుగుసార్లు అందిస్తోంది. ఆ తిట్టు నేను పుట్టక ముందు నుంచీ మా నాయన పడ్డ తిట్టు. అది ఆయన ఎదురుగా నా నోట ఎట్లా వస్తుంది?

"కూసో" అన్నాను.

జీతగాడు బిత్తరపోయాడు. అట్లాంటి మాట నాటకంలో లేదు. నేను అతని తల మీదుగా హాలులోకి చూస్తూ, ఇంకాస్త గట్టిగా, "కూసో. ఎంతసేపు నిలబడ్తవ్, కాళ్లు గుంజుతయి, కూసో" అన్నాను. నాయన తల ఎత్తి చూశాడు. మెల్లగా కూర్చున్నాడు. అరుగు కింద జీతగాడు కూడా, పాపం, ఏం చేయాలో తోచక కింద కూర్చుండిపోయాడు. నాటకం కాసేపు ఎటో పోయి, తంటాలు పడి మళ్లీ దారిన పడింది. ఆ తర్వాత నేను కుర్చీలో ఎట్లా కూర్చున్నానో, అంచు మీదనో ఆనుకొనో, నాకే గుర్తులేదు.

అయ్యాక కొందరు, ఏ దొరసానైనా జీతగాణ్ని కూర్చోమంటుందా, మొత్తం చెడగొట్టింది అన్నారు. కానీ తర్వాతి ఏడు ఇంకో బృందం ఆ నాటకం వేసినప్పుడు చూస్తే, చివరి అంకంలో దొరసాని జీతగాణ్ని కూర్చోమనే మాట ఒకటి సార్ కొత్తగా చేర్చారు. తెల్లవారి నాయనను బస్సెక్కించడానికి పోతూ, ఎందుకు లేచినవ్ నాయినా అని అడిగాను. "ముందటోని తలకాయ అడ్డమొచ్చింది బిడ్డా" అన్నాడు. మొదటి వరసలో ముందర తలకాయలెక్కడివి? ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట మళ్లీ ఎత్తలేదు, ఆయన పోయేదాకా ఎత్తలేదు. నేను మాత్రం ఎన్నిసార్లు తలుచుకొని ఏడ్చానో లెక్కలేదు. కన్నబిడ్డ ముందర ఆయన చేత తువ్వాల చంకన పెట్టించిన పాపం నాదే అనిపించేది.

సార్ రిటైరయ్యాక తార్నాకలోనే, మా వీధికి రెండు వీధుల అవతల ఉన్నారు. ఒకసారి చౌరస్తాలో మందుల దుకాణం ముందు కనబడి, పక్కనున్నాయనకు నన్ను చూపిస్తూ, "మా ఎరువు వేషం అమ్మాయండీ ఈవిడ" అన్నారు. అప్పటికి నా తల సగం నెరిసింది. ఆ పక్కాయన తెల్లమొహం వేశాడు. ఏ అర్థంలో అన్నారు సార్, మీ నాన్నగారిదా మా నాయనదా అని అడుగుదామనుకొని, రోడ్డు మీద ఏం బాగుంటుందని ఊరుకున్నాను. తర్వాత అడగడానికి ఆయన లేరు. ఆ బూడిదరంగు నోటుబుక్కు ఎవరి అటక మీద ఉందో, పాత కాగితాల వాడికి పోయిందో తెలియదు.

ఇదంతా మనవరాలికి చెప్పేసరికి కుండీలో మన్ను ఎండిపోయింది. అది మోకాళ్ల మీద గడ్డం ఆనించి విని, చివర్న, అనుమానమే లేనట్టు అన్నది: "ముందు వరసల తలకాయలేముంటయి అమ్మమ్మా? నువ్వు స్టేజెక్కినవని లేచిండు ఆయన. స్టాండింగ్ ఒవేషన్. నీకు గంత గూడ సమజ్ కాలే?" అని లేచి చేతులు కడుక్కొని, పప్పుచారు పోసుకొని కడుపునిండా తిని, నాలుగింటికి రిహార్సల్ ఉందని ఉరుక్కుంటూ పోయింది. మానేస్తానని చెప్పడానికి పోయిందో, చేయడానికి పోయిందో చెప్పలేదు. పోతూ పోతూ మెట్ల మీద గొంతు పెద్దది చేసి "ఆర్డర్, ఆర్డర్" అని అరుస్తుంటే కింది వాటాలో కుక్క మొరిగింది.

ఈ కాలం పిల్లలకు మనుషులు లేచి నిలబడేది చప్పట్లు కొట్టడానికే. ఇంకొకందుకు కూడా నిలబడేవాళ్లని దీనికి తెలియదు, తెలియాల్సిన అవసరం రాలేదు. అట్లా తెలియకుండా పెరగాలనే కదా మా నాయన నన్ను హాస్టల్‌కు పంపింది. అయినా ఎందుకో, రెండు అర్థాలూ తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయి, ఈ తార్నాకలో నేనొక్కదాన్నే మిగిలానని ఆ పూట కొంచెం దిగులేసింది.

చెప్పినదంతా చెప్పాను గానీ, తువ్వాల సంగతి దానికి చెప్పలేదు. ఆ రోజు మా నాయనను సార్ దిద్దలేదు కదా, దీన్ని నేనూ దిద్దలేదు.